పది ఊపులకు నలభై ఎనిమిది సెకన్లు

ఏడో మిట్ట పడవల కొట్టం పుస్తకం. రాస్తున్నది ఓలేటి నూకరత్నం, లెక్కల పని.

జూలై 3
గాలి నైరుతి, ఓ మోస్తరు. పోటు మధ్యాహ్నం మూడుంబావుకి.

ఈ మధ్యాహ్నం కొత్త పడవను నీటిలోకి దింపాం. పదహారు మీటర్ల పొడవు, మూడు మీటర్ల అరవై వెడల్పు, పైన సౌర పలకల కప్పు. మిట్ట మీద ఉన్న నూట పదిహేడు మందిలో నడవగలిగిన వాళ్ళంతా గట్టెక్కి చూశారు. అచ్చియ్యమ్మ పిన్ని వాననీటి తొట్టెల కాపలా వదిలేసి మరీ వచ్చి పడవ ముందు కొసకు పసుపు రాసింది.

చుట్టూ నీళ్ళున్న ఈ మిట్టను కాపాడే తూర్పు గట్టు కింద నుంచి రెండు నెలలుగా నీరు ఊరుతోంది. ఈసారి పైనుంచి వరద దిగితే గట్టు నిలవదని అందరికీ తెలుసు. ఉన్న దారి ఒకటే. గోదావరి సముద్రంలో కలిసే మొగను దాటి ఎర్రకొండ చేరుకోవాలి. ఎనిమిది కిలోమీటర్లు. పోటు ఆగి పాటు మొదలయ్యేలోగా మొగలో నీరు నలభై నిమిషాలు నిలకడగా ఉంటుంది. ఆ తర్వాత నది తోసే నీరూ సముద్రం తోసే అలలూ ఎదురెదురుగా ఢీకొంటాయి. మూడేళ్ళ కిందట పిన్ని భర్త పడవ ఆ నీటిలోనే బోల్తాపడింది. మనిషి దొరకలేదు.

నలభై నిమిషాల్లో ఎనిమిది కిలోమీటర్లంటే గంటకు పన్నెండు. లోవరాజు మేస్త్రి మొదట గీసింది ఐదు మీటర్ల వెడల్పు పడవ. నలభై ఏళ్ళుగా ఆయన కట్టినవన్నీ అలాంటివే. కొలతలూ బరువులూ ఇస్తే పడవ ఎలా నడుస్తుందో లెక్కగట్టి చెప్పే అంచనా పెట్టెకు ఆ గీతలు ఇస్తే గంటకు తొమ్మిది కిలోమీటర్లంది. అంటే యాభై మూడు నిమిషాలు. నేను వెడల్పు తగ్గించి, పక్కలు గుండ్రం చేసి మళ్ళీ అడిగాను. పన్నెండున్నర అంది.

"సన్నపడవ పొర్లుద్ది రత్నం," అన్నారు మేస్త్రి.

"పొర్లదండీ. పెట్టె చెబుతోంది కదా," అన్నాను. మిట్ట అంతా నా వైపు మాట్లాడింది. ఆయన ఉలి అందుకున్నారు.

దింపాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పడవను పక్కకు నొక్కి వదలాలి. అది అటూ ఇటూ ఊగి మళ్ళీ మొదటి పక్కకు వస్తే ఒక ఊపు. పది ఊపులకు ఎంతసేపు పట్టిందో చూడాలి. చురుగ్గా ఊగే పడవకు తిరిగి లేచే బలం ఎక్కువ. నిదానంగా ఊగేదానికి తక్కువ. పెట్టె చెప్పింది ముప్ఫై రెండు సెకన్లు.

నలభై ఎనిమిది వచ్చింది.

"ఉయ్యాల్లాగ ఎంత బాగుందో సూడు!" అని సరంగు అప్పలకొండ మావయ్య చుక్కాని పట్టుకుని మురిసిపోయాడు. గట్టు మీద అందరూ చప్పట్లు కొట్టారు. నేను మరో రెండుసార్లు ఊపించాను. నలభై ఏడు. నలభై ఎనిమిది.

సమయం ఒకటిన్నర రెట్లయితే, లేచే బలం సగానికన్నా తక్కువన్నమాట. ఎవరికీ చెప్పలేదు.

జూలై 4
గాలి నైరుతి.

పొద్దుటి నుంచి పెట్టెలోని అంకెలన్నీ ఒక్కొక్కటిగా చూశాను. అడుగు చెక్క సరిగ్గానే ఉంది. మోటారు, బ్యాటరీలు సరిగ్గానే ఉన్నాయి. మధ్యాహ్నం కొట్టం మూలన పడి ఉన్న కప్పు దూలం ముక్క ఒకటి తీసి కాటా మీద పెట్టాను. నా లెక్క ప్రకారం అది పన్నెండు కిలోలుండాలి. ఇరవై తూగింది.

మునిగిన తోటల్లోంచి లాగిన తాటి దూలాలవి. ముప్ఫై ఏళ్ళు నీటిలో నానాయి. నేను ఎండిన తాటిచెక్క బరువు వేశాను. మూడు టన్నులనుకున్న కప్పు ఐదు టన్నులుంది. ఆ అదనపు రెండు టన్నులూ మనుషుల తలల మీద ఉన్నాయి.

పెట్టె తప్పు చెప్పలేదు. నేనిచ్చిన పడవ గురించి సరిగ్గానే చెప్పింది. అలాంటి పడవ ఇక్కడ లేదు, అంతే.



జూలై 5
గాలి నైరుతి. తూర్పు గట్టు ఊట పెరిగింది. నలభై బస్తాలు వేశారు.

పొద్దున్నే మేస్త్రిగారికి చెప్పేశాను. ఆయన బాడిసతో పలక చెక్కుతున్నారు. చెక్కడం ఆపకుండా విన్నారు. తిడతారనుకున్నాను.

"ఆ దూలాలు నువ్వెప్పుడన్నా ఎత్తేవా?" అన్నారు.

"లేదండీ."

"నేనెత్తేను. నలుగురం పట్టుకుంటేగాని లేవలేదు. నీ లెక్కలో ఎంతేసేవని నేనూ అడగలేదు." బాడిస కింద పెట్టారు. "పెట్టె మాటే నెగ్గిందన్న కోపంలో ఉన్నాన్లే. పద, అందరికీ చెప్పేద్దాం."

నీటి తొట్టెల దగ్గర అందరినీ పిలిచి చెప్పాను. పడవను ఈ స్థితిలో మొగలోకి తీసుకెళితే పెద్ద అల కొట్టినప్పుడు పక్కకు వాలి లేవకపోవచ్చని, తప్పు నాదేనని చెప్పాను. అందరూ ఒక్కసారే మాట్లాడారు. అచ్చియ్యమ్మ పిన్ని గొంతు వాటి పైకి లేచింది.

"మూడు రోజుల్నించి గట్టు కాడ పసిపిల్లల్తో సహా బస్తాలు మోత్తన్నాం. పడవుందన్న దైర్నంతో మోత్తన్నాం. ఇప్పుడొచ్చి పొర్లుద్దంటావా? మా ఆయన్ని మింగిన నీటిలోకే మమ్మల్నీ తోసేద్దువేమో! ఇంక నీ మాట ఎవరింటారే?"

ఆవిడ కళ్ళల్లోకి చూడలేకపోయాను.

అడుగున రాళ్ళు వేద్దామని ఒకరన్నారు. రాళ్ళు వేస్తే పడవ నిలబడుతుంది, కానీ లోతుగా దిగి వేగం తగ్గుతుంది. పెట్టెకు అసలు బరువులిచ్చి అడిగాను. నలభై ఆరు నిమిషాలంది. కప్పు తీసేద్దామని ఇంకొకరన్నారు. కప్పు మీది సౌర పలకలు లేకపోతే బ్యాటరీ సగం దారిలో ఆగిపోతుంది. కప్పు మార్చడానికి పొడి చెక్క మిట్ట మొత్తం మీద ఎక్కడా లేదు.

జూలై 7
గాలి పడమర, వాన జల్లులు.

పెట్టెను ఇక ఒంటరిగా నమ్మబుద్ధి కాలేదు. మేస్త్రిగారు పదహారో వంతు కొలతల్లో ఒక బొమ్మ పడవ చెక్కి ఇచ్చారు. మీటరు పొడవు. సరిగ్గా అసలు పడవలాగే పైన బరువు ఉండేలా కప్పుకు సీసం ముక్కలు కట్టాను. రెండు గట్ల మధ్య కాలవలో పాతిక మీటర్లు తాడుతో కొలిచాం. తాడు ఒక చివర బొమ్మకు కట్టి, రెండో చివర గిలకల వరస మీదుగా దించి రాయి వేలాడదీశాం. రాయి మీటరు దిగితే బొమ్మ ఎనిమిది మీటర్లు ముందుకు పోతుంది. పదహారో వంతు బొమ్మ నాలుగో వంతు వేగంతో వెళితే దాని చుట్టూ నీరు అసలు పడవ చుట్టూ లేచినట్టే లేస్తుంది. అంటే పాతిక మీటర్లు ముప్ఫై సెకన్లలో దాటితే అసలు పడవ గంటకు పన్నెండు వెళ్తుందన్నమాట.

ముప్ఫై వచ్చింది. వేగం లెక్క నిజమే. తర్వాత కాలవలో పలకతో అలలు పుట్టించి బొమ్మను అడ్డంగా పెట్టాం. నాలుగో అలకు వాలింది. మళ్ళీ లేవలేదు. కడుపు పైకి తేలి ఉంది.

మేస్త్రిగారు మోకాళ్ళ లోతు నీటిలో నిలబడి దాన్నే చూస్తూ ఉండిపోయారు.

"ఇది మనిషయితే పక్కన ఇంకోడు భుజం పట్టుకునేవోడు," అన్నారు చివరికి. కొట్టంలోకి వెళ్ళి రెండు బెండు ముక్కలూ నాలుగు వెదురు పుల్లలూ తెచ్చారు. బొమ్మకు రెండు పక్కలా చేతులు చాపినట్టు పుల్లలు కట్టి, వాటి చివర ఆ బెండు ముక్కలు బిగించారు. నీటిలో తేలేవి కాబట్టి వాటికి తేల్లని పేరు పెట్టాం.

ఇప్పుడు ఏ అలకూ పడలేదు. కానీ పాతిక మీటర్లకు ముప్ఫై ఆరు సెకన్లు పట్టింది. తేల్లు నీటిని రాసుకుంటూ పోతున్నాయి.

"వేగం పోయిందండీ," అన్నాను.

"నీటిని తగలమని ఎవరన్నారు?" అంటూ పుల్లల్ని కాస్త పైకి వంచారు. తేల్లు నీటికి వేలెడు ఎడంలో గాలిలో నిలిచాయి. పడవ తిన్నగా ఉన్నంతసేపూ వాటికి పని లేదు. వాలినప్పుడే ఆ పక్క తేలు నీటిలో దిగి పడవను పైకి తోస్తుంది.

ఈసారి ముప్ఫై సెకన్ల మీద గడియారంలో ఒక్క గీత. తొమ్మిదిసార్లు అలల్లో పెట్టాం. తొమ్మిదిసార్లూ లేచింది.

జూలై 10
గాలి నైరుతి, గట్టిగా. పోటు ఉదయం ఎనిమిదీ నలభైకి.

రెండు పాత ఫైబరు తెప్పల నోళ్ళు మూసి తేల్లు చేశాం. మేస్త్రిగారు కంటితో చూసి, నీటికి బెత్తెడు ఎత్తులో కట్టబోయారు. అరవై మంది ఎక్కితే పడవ ఇంకో పది సెంటీమీటర్లు దిగుతుందని, అప్పుడు తేల్లు నీటిలోనే ఉంటాయని నేనన్నాను.

ఈసారి ఆయన నా మాట మీద ఊరుకోలేదు. నేనూ ఊరుకోమనలేదు. అరవై మందిని ఎక్కించి చూశాం. పదకొండు సెంటీమీటర్లు దిగింది. దాన్నిబట్టి తేల్లు ఎత్తి కట్టాం. మొగ జోలికి వెళ్ళకుండా మిట్ట చుట్టూ తిప్పితే గంటకు పన్నెండుకు కొంచెం తక్కువగా వెళ్ళింది.

అచ్చియ్యమ్మ పిన్ని ఆ అరవై మందిలో లేదు. పిలిస్తే రానంది.

జూలై 12
గాలి నైరుతి. పోటు ఉదయం పదీ ఇరవైకి. గట్టు మీద నీరు అంచుకు మూరెడు తక్కువ.

పైనుంచి వరద దిగిందని రేడియో తెల్లవారుజామునే చెప్పింది. ఇక ఆగడానికి లేదు. పిల్లలూ వాళ్ళ తల్లులూ జబ్బు మనుషులూ ముందు. అరవై మందితో మావయ్య చుక్కాని దగ్గర, మేస్త్రిగారు తేల్ల కట్ల దగ్గర. నేను మిట్ట మీదే ఉన్నాను.

పది పదిహేనుకు వదిలారు. పావుగంటకు చూపు దాటిపోయారు. మిగిలిన వాళ్ళం బస్తాలు మోస్తూనే ఉన్నాం. నేను చేతి గడియారం చూడకూడదనుకుంటూనే ప్రతి బస్తాకూ చూశాను. ముప్ఫై ఐదు. నలభై. నలభై ఐదు. మోస్తున్న బస్తా కింద పెట్టడం కూడా మరిచిపోయాను.

రేడియో పలికింది. "దిగేం. అందరం దిగేం. నలభై ఒకటి పట్టింది." మావయ్య గొంతు.

గట్టు మీద నలుగురైదుగురు బురదలోనే కూలబడి ఏడ్చారు.

పాటు నిలిచిన వేళ మొగలో లోతు తక్కువ, కానీ ఖాళీ పడవ అప్పుడు కూడా దాటగలదు. సాయంత్రం ఐదున్నరకు మావయ్యా మేస్త్రిగారూ తిరిగొచ్చారు. పడవ ఎడమ పక్క తేలు లేదు. వరదలో కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు తగిలి దాన్ని పట్టిన కర్రలతో సహా ఊడిపోయిందట. మేస్త్రిగారి అరచేతుల్లో తాడు కోసిన గాట్లు. కొత్త తేలు కట్టడానికి రెండు రోజులు కావాలి. గట్టుకు అన్ని రోజులు లేవు.

జూలై 13
ఎర్రకొండలో కూర్చుని రాస్తున్నాను. ఉదయం జరిగింది వరసగా రాయాలి.

తెల్లారేసరికి తూర్పు గట్టు మీద నుంచి నీరు పొర్లుతోంది. పోటు పదకొండూ పదికి. మిగిలింది యాభై ఏడు మందిమి. ఒక్క తేలు.

గాలి నైరుతి నుంచి వస్తోంది. మేం వెళ్ళేది వాయవ్యానికి. అంటే గాలి ఎడమ వైపు తగిలి పడవను కుడికి వాలుస్తుంది. కుడి తేలు ఉంది. ఎడమకు వాలితే మాత్రం ఆపేది లేదు. బరువు కిందికి దించడం ఒక్కటే మిగిలింది. మా దగ్గర ఉన్న బరువు మేమే.

"బల్లలు పీకేద్దాం. అందరూ అడుగు పలకల మీద పడుకోవాలి," అన్నాను.

"పడుకునా? నీల్లొత్తే ఎలా?" అన్నారెవరో.

"నీళ్ళొచ్చినా లేవకూడదు."

ఎవరూ కదల్లేదు. మేస్త్రిగారు ముందుగా వెళ్ళి బల్ల ఊడదీశారు. తర్వాత అందరూ ఎక్కారు. పక్కకు తిరిగి, ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని, అడుగంతా నిండిపోయేలా పడుకున్నారు. అచ్చియ్యమ్మ పిన్నికి నా పక్కనే చోటు దొరికింది. నా వైపు చూడకుండా పడుకుంది.

రేవులోనే పది ఊపులు ఊపించాను. ముప్ఫై ఎనిమిది సెకన్లు. నాకు కావాల్సింది ముప్ఫై రెండు. మావయ్య నా మొహంలోకి చూశాడు.

"ఎల్దామా, వద్దా? నువ్వు సెప్పు."

వెనక గట్టు మీంచి నీరు పడుతున్న చప్పుడు. "వెళ్దాం," అన్నాను.

పదకొండూ ఐదుకు వదిలాం. పడుకున్న మాకు కప్పు అడుగు తప్ప ఏమీ కనిపించదు. మోటారు మోత, పలకల కింద నీటి పరుగు, ఎవరో సన్నగా దేవుణ్ణి తలుచుకోవడం. కుడికి వాలినప్పుడల్లా తేలు నీటిలో దిగిన చప్పుడు, మేస్త్రిగారి "ఉంది, ఉంది" అన్న కేక. నేను ఒక్కో ఊపునూ గడియారంతో చూస్తున్నాను. పది నిమిషాలు. ఇరవై. ఇరవై అయిదో నిమిషం దాకా నీరు మాట విన్నది.

ఇరవై ఎనిమిదో నిమిషంలో మావయ్య అరిచాడు. "ముందే తిరిగిపోయిందిరా! పాటు లాగేత్తంది!"

వరద బలానికి నిలకడ తొందరగా తెగింది. పడవ ముందు కొస పైకి లేచి దభీమని పడింది. రెండో అల ఎడమ వైపు కిందకు జారి, పడవ ఎడమకు వాలింది. వాలుతూనే ఉంది. పక్క అంచు మీంచి నీరు గుమ్మరించినట్టు లోపలికి పడింది. మా మొహాల మీదికి వచ్చింది. ఎవరో కెవ్వుమన్నారు. ఇద్దరు లేచి కూర్చున్నారు. వాళ్ళను చూసి ఇంకో నలుగురు. ఒకాయన కప్పు గుంజ పట్టుకుని నిలబడబోయాడు.

"లేవకండి! లేస్తే పొర్లుతుంది! పడుకోండి!" అని గొంతు చించుకున్నాను. ఎవరూ వినలేదు. నా మాట వినడానికి వాళ్ళకు కారణమూ లేదు.

పక్కనుంచి ఒక చేయి లేచి, నిలబడబోతున్న ఆయన పంచె పట్టుకుని కిందికి లాగింది. ఆయన మా మీద పడ్డాడు.

"పడుకోండెహె!" అచ్చియ్యమ్మ పిన్ని గొంతు. నీళ్ళు ఉమ్మేసి మళ్ళీ అరిచింది. "తప్పు సేసేనని తనే వచ్చి సెప్పుకుంది ఈ పిల్ల! దాచిపెట్టుంటే మనకి తెలిసేదా? అది పొర్లుద్దంటే పొర్లుద్ది! పడుకోండి!"

తను వెల్లకిలా పడి, నీటిలో చెవులు మునిగేలా తల పలకలకు ఆనించింది. లేచిన వాళ్ళు ఒక్కొక్కరే వాలిపోయారు. నీరు మా నడుముల చుట్టూ తిరుగుతోంది. పడవ ఎడమ వైపే ఉండిపోయింది. ఒకటి. రెండు. మూడు. నేను లెక్కపెట్టిన అంకెల్లో ఇంత పొడుగైనవి లేవు. నాలుగు.

కదిలింది. మొదట బరువుగా, తర్వాత ఒక్క ఊపున కుడికి లేచింది. కుడి తేలు నీటిని కొట్టింది. "ఉంది!" అన్నారు మేస్త్రిగారు. ఆ మాట అరుపులా లేదు, ఏడుపులా ఉంది.

పడుకున్నచోటి నుంచే తట్టలతో, చెంబులతో, చేతులతో నీళ్ళు తోడాం. అలాంటి వాలులు ఇంకో మూడొచ్చాయి. ఎవరూ తల ఎత్తలేదు. నలభై నాలుగో నిమిషంలో అడుగు ఇసుకను గీసింది.

నిన్న దిగిన వాళ్ళు ఒడ్డున నడుం లోతు నీటిలోకి వచ్చి నిలబడి ఉన్నారు. ఒడ్డు నుంచి చూస్తే పడవలో మనుషులెవరూ కనిపించలేదట. ఖాళీగా వస్తోందనుకున్నారట. మేం ఒక్కొక్కరం లేచి కూర్చుంటుంటే వాళ్ళు మమ్మల్ని లెక్కపెట్టారు. యాభై ఏడు.

పదకొండూ యాభైకి తూర్పు గట్టు తెగిందని రేడియో చెప్పింది. మేం ఒడ్డు తాకి ఒక్క నిమిషం.

జూలై 14
గాలి తగ్గింది. పోటు మధ్యాహ్నం పన్నెండుకి.

పొద్దున్న ఎనిమిదో మిట్ట రేడియోలో అడిగింది. వాళ్ళ గట్టు ఇంకో వారం ఆగుతుందట. నలభై ముగ్గురున్నారు. పడవ పంపగలరా అని.

మేస్త్రిగారు కట్టు కట్టిన చేతులతోనే కొత్త తేలుకు గీతలు గీయడం మొదలుపెట్టారు. మావయ్య కప్పు దూలాల్లో ఏవి పీకొచ్చో చూస్తున్నాడు. ఎర్రకొండలో పొడి వెదురుంది. నేను ఈసారి ప్రతి వెదురునూ కాటా మీద పెట్టి బరువు రాశాను. నిన్నటి లెక్కలు పక్కన రాశాను. నేను చెప్పింది నలభై, పట్టింది నలభై నాలుగు. వరద రోజుల్లో నిలకడ నలభై నిమిషాలని ఇక నమ్మకూడదు, ఇరవై ఐదే అనుకోవాలి. ఎనిమిదో మిట్ట నుంచి దారి ఐదు కిలోమీటర్లే, అయినా వాళ్ళను రెండు విడతలుగా, ఇంకా తేలిక పడవలో తేవాలి. తాటి దూలాల తప్పు మొదటి పేజీలోనే పెట్టాను. ఎనిమిదో మిట్టకు వెళ్ళాక వాళ్ళకు అదే ముందు చదివి వినిపిస్తాను.

మధ్యాహ్నం అచ్చియ్యమ్మ పిన్ని పడవ దగ్గరికి వచ్చింది. నిన్న పక్కన పడుకున్నాయన మోచేయి తగిలి ఆవిడ కన్ను వాచి నల్లబడింది. కాసేపు మేం తూకాలు వేయడం చూసింది.

"ఎంతమంది ఎల్తున్నారు?"

"మేం ముగ్గురం పిన్నీ. సరంగు, మేస్త్రి, నేను."

"నలుగురని రాసుకో."

"మళ్ళీ ఆ మొగలోకా? నువ్వెందుకు పిన్నీ?"

"ఎందుకేంటి? ఆళ్ళకి నువ్వెవరివో తెలీదు. నీళ్ళొత్తే లేచి నిలబడతారు." కాటా మీద ఉన్న వెదురు తీసి పక్కన పెట్టి, తనే ఎక్కి నిలబడింది. "పడుకోమని సెప్పడానికి ఒకరుండొద్దా? సూడు, ఎంతున్నాను?"

యాభై మూడు కిలోలు. రాసుకున్నాను.